చూసేవాడు, కొట్టేవాడు, కొనేవాడు: నెల్లూరు, ప్రకాశంలో చెట్టు పని ఎక్కడ చిక్కుపడింది

మన ఊళ్ళలో పెద్ద చెట్టు మీద అనుమానం వస్తే ముందు గుర్తొచ్చేది కర్ర వ్యాపారి. బడి ఆవరణలో నిద్రగన్నేరు ఒక పక్కకు ఒరిగిందని హెడ్మాస్టరు గారికి టెన్షన్. మిద్దె మీదికి వేప కొమ్మ వచ్చిందని ఇంటావిడకు భయం. గుడి దగ్గర రావిచెట్టు తొర్ర పెద్దదవుతోందని పూజారి గారికి దిగులు. ఎవరో ఒకరు కలప అడితికి ఫోన్ చేస్తారు. ఆయన బండేసుకుని వస్తాడు, చెట్టు చుట్టూ ఒకసారి తిరుగుతాడు, మొదట్లో కాలితో తట్టి చూస్తాడు. "దీన్ని ఉంచకూడదు సార్, ఏ గాలికైనా పడిపోద్ది. నేనే కొట్టించుకుని పోతాలే, మీరేం ఇవ్వక్కర్లా" అంటాడు. ఖర్చు లేకుండా పని అయిపోతోందని అందరూ తేలిగ్గా ఊపిరి పీల్చుకుంటారు.

నిజానికి ఇక్కడ మూడు పనులున్నాయి. చెట్టును పరీక్షించి పడే ప్రమాదం ఎంతో చెప్పడం ఒకటి. కొమ్మలు తీయాలన్నా, మొత్తం కొట్టాలన్నా ఎవరికీ దెబ్బ తగలకుండా చేయడం రెండోది. వచ్చిన కర్రను కొలిచి అమ్మడం మూడోది. ఈ మూడూ ఒకే మనిషి చేతిలో పడితే, ఆయన ఎంత మంచివాడైనా సరే, చెట్టును చూడగానే ముందు కనబడేది దాని చేవే. అందుకే చేవదేలిన వేప, నల్లతుమ్మ ప్రమాదకరం అయిపోతాయి. లోపల గుల్లబారిన నిద్రగన్నేరుకు మాత్రం "ఇంకో రెండేళ్ళు ఏం కాదులే" అనే భరోసా దొరుకుతుంది, ఎందుకంటే దాన్ని కొడితే కూలీ ఖర్చు తప్ప మిగిలేదేమీ ఉండదు. గాలివానకు పడేది ఆ గుల్ల చెట్టే. చూసేవాణ్ణీ, కొట్టేవాణ్ణీ, కొనేవాణ్ణీ విడదీస్తే తప్ప ఈ చిక్కు వీడదని నా నమ్మకం. ఎలా విడదీయాలో చెప్పాలంటే ఒక్కో పనిలో ఏముందో చూడాలి.

చూడాల్సిన కాలం

రాష్ట్రంలో చాలా చోట్ల వానాకాలం అంటే జూన్. నెల్లూరుకు ఆ లెక్క సరిపోదు. ఇక్కడ ఏడాది మొత్తం వానలో సగానికి పైగా అక్టోబరు, డిసెంబరు మధ్య ఈశాన్య రుతుపవనాలతోనే పడుతుంది. ప్రకాశం తీర మండలాల్లోనూ ఆ మూడు నెలలే గండం. పెద్ద తుపాన్లూ అప్పుడే వస్తాయి. 1989లో కావలి దగ్గర తీరం దాటిన తుపాను నవంబరులో వచ్చింది. 2023లో మిచౌంగ్ డిసెంబరు 5న బాపట్ల దగ్గర తీరం దాటేలోపే నెల్లూరు జిల్లాను వానలతో ముంచెత్తింది. కాబట్టి ఇక్కడ చెట్ల తనిఖీకి సరైన సమయం ఆగస్టు, సెప్టెంబరు. లోపాలు కనిపెట్టడానికి, అనుమతులు తెచ్చుకోవడానికి, కొమ్మలు తీయడానికి అప్పుడైతే వ్యవధి ఉంటుంది. తుపాను హెచ్చరిక వచ్చాక హడావుడిగా చేసే పనిలో మంచి చెట్లకు నష్టం, మనుషులకు ప్రమాదం రెండూ ఎక్కువ.

గాలి ఒక్కటే చెట్టును పడగొట్టదు. రెండు మూడు రోజులు వాన పడి నేల నానిపోయాక వేళ్ళకు పట్టు తగ్గుతుంది, ఆ తర్వాత ఓ మోస్తరు గాలి చాలు. చెట్టు వేళ్ళలో ఎక్కువ భాగం పైనున్న రెండు మూడు అడుగుల మట్టిలోనే ఉంటాయి, కొమ్మల నీడ దాటి కూడా పాకుతాయి. సైడు కాలవ తవ్వినప్పుడో, సిమెంటు రోడ్డు వేసినప్పుడో, పైపులైనుకు పొక్లెయిను పెట్టినప్పుడో ఒక పక్క వేళ్ళన్నీ తెగిపోతాయి. పైకి చెట్టు పచ్చగానే ఉంటుంది. మూడు నాలుగేళ్ళ తర్వాత ఒక రాత్రి పడిపోతుంది. అప్పుడు అందరూ తుపానునే తిట్టుకుంటారు.

మొదలు నుంచి పైకి

చెట్టును చూడటం వచ్చినవాళ్ళు తల పైకెత్తే ముందు నేల చూస్తారు. ఒరిగిన చెట్టంతా ప్రమాదమేమీ కాదు. వెలుతురు కోసం చిన్నప్పటి నుంచీ వంగి పెరిగిన చెట్టు దానికి తగ్గట్టు చెక్కను బలపరచుకునే పెరుగుతుంది. ఒరిగిన వైపుకు ఎదురు పక్కన మట్టి పగిలిందా, ఉబ్బిందా అన్నది అసలు ప్రశ్న. పగిలి ఉంటే అది ఈ మధ్యే కదిలిన చెట్టని అర్థం, ఇక ఆలస్యం చేయకూడదు.

తర్వాత మొదలు చుట్టూ చూడాలి. నేలకు దగ్గరగా గట్టిగా, చెక్కలా, పైన మెరుస్తూ గోధుమ ఎరుపు రంగులో అరలు అరలుగా పుట్టగొడుగు వచ్చిందంటే లోపల వేరు కుళ్ళు నడుస్తోందన్న మాట. కొబ్బరి రైతులకు గానోడెర్మా అనే ఈ బూజు పేరు కొత్త కాదు. అదే జాతి బూజు కానుగ, వేప, సరుగుడు మొదళ్ళకూ వస్తుంది. ఆ పుట్టగొడుగును పీకేసి సున్నం కొడితే కనపడకుండా పోతుంది గానీ కుళ్ళు ఆగదు. పీకేయడం వల్ల తర్వాత చూసేవాళ్ళకు ఆధారం కూడా పోతుంది.

ఆ తర్వాత కొయ్య సుత్తితో కాండం చుట్టూ కొట్టుకుంటూ పోవాలి. గట్టి చెక్క దగ్గర శబ్దం బిగువుగా వస్తుంది, గుల్ల ఉన్న చోట డొల్లగా పలుకుతుంది. ఎక్కడి నుంచి ఎక్కడి దాకా డొల్ల పలికిందో సుద్దముక్కతో గీత గీస్తే లోపలి తొర్ర ఆకారం బయటికి తెలిసిపోతుంది. తొర్ర ఉన్నంత మాత్రాన చెట్టు పనైపోయినట్టు కాదు. లోపల ఖాళీ అయినా చుట్టూ తగినంత గట్టి చెక్క మిగిలితే చెట్టు నిలబడుతుంది. వ్యాసార్ధంలో దాదాపు మూడో వంతు మందాన గట్టి చెక్క చుట్టూరా ఉందా అన్నది ఈ రంగంలో వాడే మోటు లెక్క. రెండడుగుల వ్యాసం ఉన్న కాండానికి నాలుగంగుళాల గట్టి గోడ అన్నమాట. తొర్ర ఒక పక్క నోరు తెరుచుకుని ఉంటే ఆ లెక్క చాలదు, ఇంకా ఎక్కువ చెక్క ఉండాలి.

పైకి వెళితే రెండు పెద్ద కొమ్మలు ఇరుకు కోణంలో కలిసే పంగ చూడాలి. ఆ పంగలో బెరడు లోపలికి మడతపడి ఉంటే రెండు కొమ్మలూ ఒకదానికొకటి ఆనుకుని ఉన్నాయే తప్ప అతుక్కుని లేవు. తురాయి, నిద్రగన్నేరు చెట్లలో ఇది తరచూ కనబడుతుంది. నిద్రగన్నేరు కొమ్మలు అడ్డంగా, పొడవుగా, బరువుగా పెరుగుతాయి కాబట్టి నానినప్పుడు విరిగే ముప్పు ఇంకా ఎక్కువ. చింత చెక్క అంత సులువుగా విరగదు.

వేప గురించి ఇక్కడ ఒక మాట చెప్పాలి. కొన్నేళ్ళుగా రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ వేపచెట్లు కొమ్మల చివర్ల నుంచి మాడిపోయినట్టు ఎండటం అందరం చూశాం. ఫోమాప్సిస్ అనే బూజు తెగులు దానికి ముఖ్య కారణం, టీ దోమ అనే రసం పీల్చే పురుగు కాటు దానికి తోడవుతుంది. చూడ్డానికి చెట్టంతా చచ్చినట్టే ఉంటుంది. చాలామంది ఆ భయంతోనే కొట్టించేశారు. అలా ఎండిన వేపల్లో ఎక్కువ భాగం తర్వాతి చిగుళ్ళ కాలానికి మళ్ళీ పచ్చబడ్డాయి. చిన్న కొమ్మను గోటితో గీకి లోపల పచ్చదనం ఉందో లేదో చూసేపాటి ఓపిక ఉంటే ఆ చెట్లలో చాలా వాటిని కాపాడుకునేవాళ్ళం. ఇప్పటికీ "వేప ఎండిపోయింది, అమ్మేస్తాం" అనేవాళ్ళను చూస్తే నాకు బాధగా ఉంటుంది.

చెట్టు ఎంత బలహీనం అన్నదాంతో పాటు దాని కింద ఏముంది అన్నది కూడా తనిఖీలో రాయాలి. పొలం గట్టు మీద తొర్రపడ్డ చింతచెట్టు పిట్టలకు గూడు, దాన్ని వదిలేయొచ్చు. అదే చెట్టు బస్టాపు పక్కనుంటే లెక్క వేరు. కొన్నిసార్లు చెట్టును కొట్టే బదులు దాని కింది బెంచీలు పక్కకు జరిపినా, నాలుగు బరువు కొమ్మలు తీసినా సరిపోతుంది. ఈ మాట కర్ర కొనేవాడు ఎప్పుడూ చెప్పడు, ఎందుకంటే అందులో ఆయనకు వచ్చేదేమీ లేదు. అందుకే చూసినందుకు విడిగా ఫీజు ఇచ్చి, కర్రతో సంబంధం లేని మనిషితో రాయించుకోవాలి. ఉద్యానశాఖలోనో, అటవీశాఖలోనో పనిచేసి రిటైరైనవాళ్ళు, అటవీ విద్య చదివినవాళ్ళు ఈ పనికి పనికొస్తారు. ప్రతి చెట్టుకూ ఒక నంబరు, ఛాతీ ఎత్తులో చుట్టుకొలత, ఫొటో, కనబడిన లోపం, చేయాల్సిన పని, ఎప్పటిలోగా చేయాలో ఒక్క పేజీలో ఉంటే చాలు.

కొమ్మ తీయడం, చెట్టు కొట్టడం

కొమ్మ కాండంతో కలిసే చోట చిన్న ఉబ్బు ఉంటుంది. కోత ఆ ఉబ్బుకు బయట పడాలి. దాన్ని కూడా చెక్కేస్తే గాయం మూసుకోదు, అడుగు పొడవు మోడు వదిలితే అది కుళ్ళి కుళ్ళు లోపలికి దిగుతుంది. బరువైన కొమ్మను ఒక్క కోతతో పైనుంచి కోస్తే సగంలో విరిగి కాండం బెరడును కింది దాకా చీల్చుకుని పోతుంది. అందుకే కాండానికి అడుగు దూరంలో ముందు కింద నుంచి మూడో వంతు కోసి, ఇంకొంచెం బయటగా పైనుంచి కోసి, కొమ్మ పడిపోయాక మిగిలిన ముక్కను ఉబ్బు దగ్గర తీయాలి. మూడు కోతలకు పట్టేది ఐదు నిమిషాలు ఎక్కువ. చెట్టు తలనంతా మొండిగా నరికేసే పద్ధతి మాత్రం ఆపాలి. అలా నరికిన చోట గుత్తులుగా వచ్చే చిగుళ్ళు కాండంలోపలి నుంచి కాక పైపైనే అంటుకుని పెరుగుతాయి, నాలుగేళ్ళకు అవే పెద్ద కొమ్మలై గాలికి ఊడిపడతాయి.

కరెంటు లైన్ల దగ్గర లైన్ క్లియర్ లేకుండా చెట్టు ఎక్కకూడదు. "ఫోన్ చేసి చెప్పా, ఆపేశారంట" అన్న మాట లైన్ క్లియర్ కాదు. డిస్కం, అంటే కరెంటు పంపిణీ సంస్థ, సిబ్బంది సరఫరా ఆపి, లైనును ఎర్త్ చేసి, పని చేసేవాళ్ళ కళ్ళెదుట సరేననాలి. ఎవరింట్లోనో జనరేటరు వెనక్కి తన్నితే ఆపిన లైనులోనూ కరెంటు వస్తుంది, ఎర్త్ చేయడం అందుకే. ప్రాణం పోవడానికి తడి కొమ్మ తీగకు తగిలితే చాలు.

చెట్టు కొట్టేటప్పుడు పడాల్సిన వైపు ముందు మూతిగాటు, అంటే ముక్క లేచివచ్చేలా నోరులాంటి గాటు, పెట్టి, వెనక నుంచి వచ్చే కోతను మధ్యలో ఒక పట్టీ మిగిలేలా ఆపాలి. ఆ పట్టీయే మడతబందులా పనిచేసి చెట్టును అనుకున్న వైపు వంచుతుంది. దాన్ని పూర్తిగా తెగ్గోస్తే చెట్టు దాని ఇష్టం వచ్చినట్టు పడుతుంది. మోకు కట్టి లాగేవాళ్ళు చెట్టు ఎత్తుకు మించిన దూరంలో ఉండాలి. మెషిన్ రంపం పట్టినవాడికి వెనక ఏటవాలుగా తప్పుకునే దారి ముందే శుభ్రం చేసి ఉండాలి.

తుపాను తర్వాత రోడ్డుకు అడ్డంపడ్డ చెట్లు మామూలు చెట్లకంటే ప్రమాదం. వంగి నొక్కుకుపోయిన కొమ్మలో బిగువుంటుంది, తప్పు పక్క కోస్తే ఎగిరి మొహానికి తగులుతుంది. వేళ్ళతో సహా లేచి పడుకున్న చెట్టు కాండాన్ని కోయగానే, బరువు తగ్గిన వేరుముద్ద మట్టితో సహా ఒక్కసారిగా తిరిగి గోతిలోకి లేచి కూర్చుంటుంది. ఆ గోతిలో మనిషి ఉంటే ఇక అంతే. తుపాను డ్యూటీ చేసే ప్రతి ముఠాకు కాగితం మీద కాకుండా చెట్టు దగ్గరే ఈ సంగతి చూపించి చెప్పాలి.

చెట్టు ఎవరిది

పట్టా భూమిలో చెట్టు రైతుదే అయినా, 2002లో వచ్చిన నీరు, భూమి, చెట్ల చట్టం, అందరూ వాల్టా అనేది, కొట్టడానికి అనుమతి కావాలంటుంది. కొట్టినదానికి బదులు మొక్కలు నాటాలన్న షరతు కూడా ఉంటుంది. కలపను తరలించడానికి అటవీశాఖ పర్మిట్ వేరే. జామాయిల్, సుబాబుల్, సరుగుడు లాంటి తోటపంటలకు ఈ బాదరబందీ లేదు. రోడ్డు పక్క చెట్టు ఆర్ అండ్ బీదో పంచాయతీదో, కాలవ గట్టు మీదిది జలవనరుల శాఖది. అటవీ సిబ్బంది విలువ కట్టాక వేలం వేయాలి. తుపానుకు పడ్డంత మాత్రాన ఆ కర్ర దొరికినవాళ్ళది కాదు. ఉదయగిరి, రాపూరు, గిద్దలూరు వైపు వెలుగొండలు, నల్లమల అంచుల్లో ఉన్నవాళ్ళకు ఎర్రచందనం సంగతి చెప్పనక్కర్లేదు. సొంతంగా నాటి పెంచినదైనా అనుమతి లేకుండా ముట్టుకోకూడదు.

టేపు దగ్గర పోయేది

కలప అమ్మేటప్పుడు మనవాళ్ళు గంపగుత్తకు మాట్లాడటానికే ఇష్టపడతారు. నిలబడ్డ చెట్లకు ఒక మొత్తం అనుకుంటే కొలతల తలనొప్పి ఉండదని. నిజానికి నిలబడ్డ చెట్టులో ఎంత కర్ర ఉందో వ్యాపారికి తెలిసినంతగా ఇంటివాళ్ళకు తెలియదు, గుత్తలో నష్టం అక్కడే మొదలవుతుంది.

కొలత అంత కష్టమేమీ కాదు. దుంగ మధ్యలో చుట్టుకొలత అంగుళాల్లో తీసి, దాన్ని నాలుగుతో భాగించి, వచ్చినదాన్ని దానితోనే హెచ్చించి, పొడవు అడుగులతో హెచ్చించి, 144తో భాగిస్తే ఘనపుటడుగులు వస్తాయి. 48 అంగుళాల చుట్టుకొలత, 10 అడుగుల పొడవు ఉన్న దుంగ తీసుకుందాం. నాలుగో వంతు 12, పన్నెండు పన్నెండ్లు 144, దాన్ని పదితో హెచ్చించి 144తో భాగిస్తే సరిగ్గా 10 ఘనపుటడుగులు. గుండ్రటి దుంగలో నిజంగా ఉండే కర్ర 12.7 ఘనపుటడుగులకు పైనే. ఈ లెక్క ఎప్పుడూ అసలులో 78.5 శాతమే చూపిస్తుంది. మిగతాది కోతలో పోయే పక్క చెక్కలకూ రంపపు పొట్టుకూ తరుగు అని వ్యాపారంలో ఒప్పుకున్న పద్ధతి, అందులో మోసమేమీ లేదు. కాకపోతే తరుగు అక్కడే తీసేశారన్నది అమ్మేవాళ్ళు గుర్తుంచుకోవాలి. ఆ తర్వాత మళ్ళీ "పదికి ఒక అడుగు తరుగు" అంటే ఒప్పుకోనక్కర్లేదు.

టేపు పట్టే తీరులో పోయేది ఇంకా ఎక్కువ. అదే దుంగ చుట్టుకొలత 48 బదులు 46 అని రాశారనుకోండి, లెక్క 9.2 ఘనపుటడుగులకు దిగిపోతుంది. రెండంగుళాల తేడాకు ఎనిమిది శాతం కర్ర పోయింది, ఎందుకంటే చుట్టుకొలత రెండుసార్లు హెచ్చింపులోకి వస్తుంది. టేపును మధ్యలో కాకుండా సన్నటి చివర వైపు జరిపినా, అరంగుళాలన్నీ కిందికి సవరించినా జరిగేది ఇదే. "తోలు (బెరడు) మీద కొలుస్తున్నావా, తోలు తీసి కొలుస్తున్నావా అన్నా?" అని టేపు పెట్టకముందే అడిగిన రైతుకు మర్యాదగానే జవాబు వస్తుంది. కొలిచాక అడిగితే గొడవ. టేపు ఒక కొస మీరు పట్టుకోండి, అంకెలు మీ పుస్తకంలో కూడా రాయండి.

దుంగను ఎంత పొడవున కోయాలో కూడా ముందే చెప్పాలి. ద్వారబంధం నిలువు కమ్మీలకు ఏడడుగుల పైన ముక్క కావాలి. ట్రాక్టరుకు ఎక్కించడం సులువని వేపదుంగను ఐదడుగుల ముక్కలు చేస్తే ధర పడిపోతుంది. మామిడి సెంట్రింగ్ చెక్కకూ పెట్టెలకూ పోతుంది, చింత మొద్దు మాంసం కొట్టుకూ పోతుంది, సర్కారు తుమ్మ బొగ్గుకు. రోడ్డు పక్క చెట్టు దుంగలకు ధర ఎందుకు తగ్గిస్తారంటే వాటి నిండా బోర్డులు కొట్టిన మేకులుంటాయి. ఒక్క మేకు తగిలితే సామిల్లు రంపం పళ్ళు పోతాయి.

టన్నుల వ్యాపారం

ఒంగోలు, కందుకూరు ప్రాంతాల్లో జామాయిల్, సుబాబుల్ పెంచేవాళ్ళకు, అల్లూరు, విడవలూరు, కోట వైపు ఇసుక నేలల్లో సరుగుడు వేసేవాళ్ళకు ఈ అడుగుల లెక్క కాదు, కాటా లెక్క. కర్రలో ఎక్కువ భాగం రాజమండ్రి, సారపాక కాగితం మిల్లులకు పోతుంది. పచ్చి కర్ర బరువులో సగం దాకా నీరే. కొట్టి గట్టున వారం రోజులు పడేస్తే ఎండకు ఆరిన ప్రతి కిలో రైతు జేబులోంచి పోతుంది. లారీ వచ్చే రోజు ఖాయమయ్యాకే కోత పెట్టాలి. మిల్లు గేటు ముందు లారీ ఆగిపోతే ఆ తరుగు ఎవరిదో కూడా ముందే మాట్లాడుకోవాలి. ఇంకో సంగతి, జామాయిల్, సుబాబుల్ మోడు నుంచి మళ్ళీ చిగురిస్తాయి కాబట్టి మోడును నేలకు దగ్గరగా, చీలకుండా, నున్నగా కోయించుకోవాలి. తీరంలో వేసే సరుగుడు అలా సరిగా చిగురించదు, కోత అయ్యాక మళ్ళీ నాటుకోవాల్సిందే.

ఈ కోతలు చేసేది ఎక్కువగా ముఠా కూలీలు. నెల్లూరు తీరంలో వాళ్ళలో యానాది గిరిజన కుటుంబాలు చాలా ఉన్నాయి. కూలి టన్నుకింత అని మాట్లాడతారు. ముందు అడ్వాన్సు ఇస్తారు, కుటుంబమంతా తోటలోనే గుడిసె వేసుకుని నెలల తరబడి కోస్తుంది. అడ్వాన్సు తీరిందో లేదో మేస్త్రీ చెప్పిందే లెక్క. అప్పు పేరుతో మనిషిని పనికి కట్టేయడం 1976 నుంచే నేరం, అయినా కర్ర కోతల్లో అది ఇంకా బయటపడుతూనే ఉంది. ఇందులో రైతు చేయగలిగిన పని ఒకటుంది. కూలి టన్నుల మీద ఇస్తున్నప్పుడు ఆ టన్నులు తూగేది కోసినవాళ్ళ కంటికి కనబడని చోట. లోడు బయలుదేరే ముందు దగ్గర్లోని వేబ్రిడ్జి మీద పచ్చి బరువు తూయించి, కాటా చీటీ మూడు నకళ్ళు తీయించొచ్చు. ఒకటి రైతుకు, ఒకటి వ్యాపారికి, మూడోది ముఠాలో చదువుకున్న కుర్రాడి చేతికి. కూలి ఆ పచ్చి బరువు మీదే కట్టాలి, మిల్లు దగ్గర ఆరిపోయిన బరువు మీద కాదు.